పిల్లల స్కీ రేసింగ్: మొదటి సీజన్ ఫలితాలను ఎలా చదవాలి

అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల్లో స్థిరపడిన కొన్ని తెలుగు కుటుంబాల్లో ఈ వ్యవహారం ఇంచుమించు ఒకే తీరుగా మొదలవుతుంది. పిల్లలు ముందు బడి స్నేహితులతో కలిసి స్కీ పాఠాలకు వెళతారు, రెండు మూడు శీతాకాలాలు గడిచేసరికి ఎవరి సాయమూ లేకుండా కొండ దిగుతారు, ఆపైన ఒకరోజు తమనూ రేస్ టీమ్‌లో చేర్చమని అడుగుతారు. చేర్చే తల్లిదండ్రులకు మాత్రం ఈ క్రీడలో చిన్ననాటి నుంచి తెలిసిన ఓనమాలు కూడా ఉండవు. పోటీ ముగిసిన కాసేపటికి ఫోనులోకి వచ్చే పట్టికే వారికి దొరికే ఆధారం. అందులో పేరు, క్లబ్బు, పుట్టిన సంవత్సరం, మొదటి పరుగు సమయం, రెండో పరుగు సమయం, మొత్తం, విజేతతో తేడా అన్నీ సెకనులో నూరో వంతు వరకు నమోదై ఉంటాయి. ఎంసెట్ ర్యాంకుల నీడలో పెరిగిన మనకు వరస సంఖ్య కనబడగానే దాని పక్కన పిల్లల భవిష్యత్తు కూడా కనబడుతుంది. కానీ మొదటి సీజన్‌లో ఆ అంకెలు పిల్లల సత్తా గురించి చెప్పేది తక్కువ. పిల్ల ఏ సంవత్సరంలో పుట్టింది, ఎన్నో నంబరుగా బయలుదేరింది, బూటు కాలికి సరిపోయిందా, స్కీ అంచులు పదునుగా ఉన్నాయా, దారిలో ఎక్కడైనా ఆగిపోయిందా అన్న విషయాలే ఆ అంకెల్లో ఎక్కువగా దాగి ఉంటాయి. వీటిని ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే తప్ప పట్టిక అర్థం కాదు.

ముందు పోటీల రకాలు. కొండ మీద నుంచి కిందికి దిగే ఆల్పైన్ రేసింగ్‌లో ప్రధానమైనవి నాలుగు. గేట్లు, అంటే తిరగవలసిన దారిని చూపుతూ మంచులో పాతే కడ్డీలు, బాగా దగ్గరగా ఉండి చకచకా మలుపులు తిరగవలసినది స్లాలమ్. గేట్ల మధ్య దూరం, దానితోపాటు వేగం పెరిగితే జెయింట్ స్లాలమ్. అంతకన్నా వేగంగా సాగేది సూపర్-జీ, అన్నింటికన్నా వేగమైనది డౌన్‌హిల్. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల మొదటి సీజన్ దాదాపు పూర్తిగా మొదటి రెండింటితోనే గడుస్తుంది. ఆ వయసువారి స్లాలమ్‌లో టీవీలో కనిపించే నిలువెత్తు కడ్డీలకు బదులు, పెద్దల మోకాలి ఎత్తు కూడా ఉండని పొట్టి గేట్లు పాతుతారు. వీటిని స్టబ్బీలు అంటారు. కడ్డీ నిలువెత్తున ఉంటే పిల్లల దృష్టంతా దాన్ని చేత్తో కొట్టడం మీదికి పోతుంది, కాళ్లతో చేయవలసిన పని వెనకబడుతుంది. స్టబ్బీని కొట్టడానికి ఏమీ ఉండదు కాబట్టి పిల్లలు మలుపు తిరగడం మీదే దృష్టి పెడతారు. చూడటానికి ఇది పిల్లకాయల ఆటలా అనిపించినా, ఇందులో మంచి బోధనా పద్ధతి ఉంది.

పట్టికలో తల్లిదండ్రులు దాటేసే గడి పుట్టిన సంవత్సరం. నిజానికి మొదట చూడవలసింది అదే. అమెరికాలో ఈ క్రీడను నిర్వహించే యు.ఎస్. స్కీ అండ్ స్నోబోర్డ్ సంస్థ పిల్లలను రెండేసి సంవత్సరాల వర్గాలుగా విడదీస్తుంది: యూ-10 (అండర్-10, అంటే పదేళ్ల లోపు), యూ-12, యూ-14, యూ-16. పుట్టినరోజు ఏ నెలలో వచ్చినా లెక్కలోకి వచ్చేది సంవత్సరమే. ఉదాహరణకు 2024-25 సీజన్‌లో 2015లోనూ 2016లోనూ పుట్టినవారు యూ-10 వర్గంలో ఉన్నారు. అంటే 2015 జనవరిలో పుట్టిన పిల్లా, 2016 డిసెంబరులో పుట్టిన పిల్లా ఒకే పట్టికలో పక్కపక్కన కనిపిస్తారు. వారి మధ్య తేడా దాదాపు రెండేళ్లు, అంటే ఆ చిన్న పిల్ల బతికిన కాలంలో నాలుగో వంతు. బరువు, కాలి బలం, చెప్పింది విని చేయగల ఓపిక అన్నీ ఆ రెండేళ్లలో ఎంతో మారిపోతాయి. అందుకే వర్గంలో మొదటి ఏడాది అడుగున ఉన్న పిల్ల, ప్రత్యేకంగా ఏమీ చేయకుండానే మరుసటి ఏడాది పైకి వస్తుంది, ఆపై వర్గం మారగానే మళ్లీ అడుగుకు జారుతుంది. ఈ ఎగుడుదిగుళ్లను ప్రతిభకు కొలతగా తీసుకుంటే ఒక ఏడాది అనవసరంగా పొంగిపోతాం, మరో ఏడాది అనవసరంగా కుంగిపోతాం. దీనికితోడు వయసు ఒకటే అయినా మంచు మీద గడిపిన కాలం ఒకటి కాదు. కొండ పక్కనే పెరిగి మూడో ఏటనే స్కీలు తొడిగిన పిల్లలూ, ఏడో ఏట పాఠాలు మొదలుపెట్టిన పిల్లలూ ఒకే గీత దగ్గర నిలబడతారు.

ఇక పోటీ రోజు ఎలా నడుస్తుందో తెలియకపోతే పట్టికలోని అంకెలు ఎలా పుట్టాయో తెలియదు. ఉదయమే బిబ్‌లు, అంటే ఛాతీ మీద వేసుకునే నంబర్లు, పంచుతారు. తరువాత కోర్స్, అంటే గేట్లు పాతిన దారి, పరిశీలన ఉంటుంది. పిల్లలు కోచ్ వెంట స్కీలను అడ్డంగా పెట్టి మెల్లగా జారుతూ ప్రతి గేటునూ చూస్తారు. ఏ గేటు మిట్ట వెనక దాగి ఉంది, ఎక్కడ వాలు హఠాత్తుగా పెరుగుతోంది, ఎక్కడ ముందుగానే మలుపు మొదలుపెట్టాలి అన్నవి అక్కడే గుర్తుపెట్టుకోవాలి. ఈ సమయంలో గేట్ల గుండా స్కీ చేస్తూ దిగి చూసుకోవడానికి వీల్లేదు. అలా చేస్తే పోటీ నుంచి తొలగిస్తారు. కొత్త పిల్లల్లో చాలామంది ఈ పరిశీలనలో కబుర్లు చెప్పుకుంటూ దిగిపోతారు. దాని ఫలితం పన్నెండో గేటు దగ్గరో పదిహేనో గేటు దగ్గరో బయటపడుతుంది.

పైన బయలుదేరే చోట పిల్లలు చివరి నిమిషం దాకా కోటు వేసుకునే ఉంటారు. తమ వంతు వచ్చేసరికి దాన్ని విప్పితే, ఎవరో ఒక పెద్ద సంచీలో వేసి కిందికి చేరుస్తారు. ముందు మోకాలికి కాస్త కిందుగా ఒక సన్నటి కడ్డీ అడ్డంగా ఉంటుంది. పిల్ల కాలు దాన్ని తోసిన క్షణాన గడియారం మొదలవుతుంది. ఈ చిన్న సంగతి తెలియక కింద నిలబడ్డ తల్లిదండ్రులు ఎంతో ఆదుర్దా పడతారు. "గో" అన్నాక మా అమ్మాయి రెండు సెకన్లు ఊరికే నిలబడిపోయింది, అక్కడే పోయింది అనుకుంటారు. అక్కడేమీ పోలేదు. ఇది పరుగు పందెం కాదు. ఇచ్చిన వ్యవధి దాటనంతవరకు కాలు కడ్డీని తాకేదాకా ఆమె సమయం మొదలే కాదు. ఊపిరి పీల్చుకుని, మొదటి గేటు చూసుకుని బయలుదేరే పిల్లకే లాభం.

అసలు తేడా వచ్చేది బిబ్ నంబరు దగ్గర. ఒకరి తరువాత ఒకరు ఒకే చోట మలుపు తిరుగుతుంటే గేట్ల చుట్టూ మంచు కోసుకుపోయి, దుక్కిలో పడ్డట్టు చాళ్లు పడతాయి. మూడో నంబరు పిల్ల దిగిన కొండా, డెబ్బయ్యో నంబరు పిల్ల దిగిన కొండా ఒకటి కాదు. చాలులో స్కీ పడితే అది తీసుకెళ్లిన చోటికే వెళ్లాలి, కొత్తవారికి అందులోంచి బయటపడే బలమూ నేర్పూ ఉండవు. అందుకే చిన్న పిల్లల పోటీల్లో చాలాచోట్ల మొదటి పరుగుకు చీటీ తీసినట్టు నంబర్లు ఇచ్చి, రెండో పరుగుకు వరసను తిరగేస్తారు. మధ్యమధ్యలో స్వచ్ఛంద సేవకులు స్కీలను అడ్డంగా పెట్టి జారుతూ ఆ చాళ్లను చదును చేస్తారు. అయినా అసమానత పూర్తిగా పోదు. పొద్దున గాజులా గట్టిగా ఉన్న మంచు మధ్యాహ్నం ఎండకు మెత్తబడుతుంది. మార్చి నెలలో అయితే మంచు కరిగి జారిపోకుండా దాని మీద ఉప్పు చల్లి గట్టిపరచడమూ ఉంది. కాబట్టి ఒక పరుగులో నలభయ్యో స్థానం, మరో పరుగులో ఇరవయ్యో స్థానం వస్తే పిల్ల మధ్యాహ్నానికి హఠాత్తుగా మెరుగుపడిందని కాదు. రెండు పరుగుల్లో ఎన్నో వంతుగా దిగిందో ముందు చూడాలి.

పట్టిక అడుగున సమయం ఉండవలసిన చోట మూడేసి అక్షరాలు కనిపిస్తాయి. డీఎన్‌ఎస్ అంటే బయలుదేరలేదని, డీఎన్‌ఎఫ్ అంటే ముగించలేదని, డీఎస్‌క్యూ అంటే నియమం తప్పినందుకు తొలగించారని. నియమం చెప్పడానికి తేలికే: రెండు స్కీల కొనలూ, రెండు పాదాలూ గేటు కడ్డీల మధ్య ఉండే ఊహా రేఖను దాటాలి. ఒక స్కీ కొన కడ్డీకి అటువైపు నుంచి పోతే గేటు తప్పినట్టే, ఆ సంగతి పిల్లకు తెలియకపోయినా సరే. స్లాలమ్‌లో తప్పిన గేటు దగ్గరికి మళ్లీ ఎక్కి వచ్చి, సరిగ్గా దాటి, కిందికి కొనసాగే అవకాశం ఉంది. వెనక వచ్చేవారికి అడ్డం కాకూడదు, వారు తనను దాటిపోయి ఉండకూడదు. ఇలా స్కీల మీద పక్కకు అడుగులు వేస్తూ కొండెక్కి తిరిగి వచ్చిన పిల్ల మొత్తం సమయం విజేత కన్నా అర నిమిషం ఎక్కువ ఉండవచ్చు. పట్టికలో అది చివరి స్థానంగా మాత్రమే కనిపిస్తుంది. చేతికర్రల మీద ఆనుకుని ఎగశ్వాసతో గేటుదాకా ఎక్కిన ఆ పరుగును చూసిన కోచ్‌లు మాత్రం దాన్ని సీజన్ అంతా గుర్తుపెట్టుకుంటారు.

ముగించలేకపోవడం గురించి ఇంకొక మాట. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా స్కీ రేసరు మికేలా షిఫ్రిన్ జెయింట్ స్లాలమ్‌లోనూ స్లాలమ్‌లోనూ మొదటి కొన్ని గేట్లలోనే దారి తప్పి బయటికి వచ్చేశారు. అప్పటికే రెండు ఒలింపిక్ స్వర్ణాలు సాధించిన ఆమె మరుసటి ఏడాది స్వీడన్ రేసరు ఇంగెమార్ స్టెన్‌మార్క్ పేరిట దశాబ్దాలుగా ఉన్న 86 ప్రపంచ కప్ విజయాల రికార్డును దాటారు, 2025 ఫిబ్రవరిలో నూరో విజయం అందుకున్నారు. అదే బీజింగ్‌లో గుల్మార్గ్ కొండల్లో స్కీ నేర్చిన ఆరిఫ్ ఖాన్ భారత్ తరఫున జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచారు, స్లాలమ్‌లో ఆయనా పరుగు ముగించలేదు. వేగానికీ పట్టుకూ మధ్య సన్నటి గీత మీద నడిచే క్రీడలో డీఎన్‌ఎఫ్ అనేది రోజువారీ వ్యవహారం. నా ఉద్దేశంలో మొదటి సీజన్ మొత్తంలో ఒక్క డీఎన్‌ఎఫ్ కూడా లేని పిల్ల గురించే కోచ్‌ను కాస్త అడగాలి, ఎందుకంటే ఆమె ప్రతి మలుపులోనూ బ్రేకు వేస్తూ దిగుతూ ఉండవచ్చు. వరసగా ప్రతి పోటీలోనూ ముగించలేని పిల్ల విషయంలో ప్రశ్న వేరు: తన స్థాయికి మించిన కోర్స్‌లో దింపుతున్నారా, లేక గేటు వైపు తిన్నగా దూసుకుపోతోందా?

ఈ తిన్నగా దూసుకుపోవడమే కొత్త రేసర్లందరి మొదటి జబ్బు. రెండు గేట్ల మధ్య దగ్గరి దారి సరళరేఖ కాబట్టి అదే వేగమైన దారి అని పిల్లలే కాదు, కింద నుంచి చూసే పెద్దలూ అనుకుంటారు. అలా గేటు దాకా వచ్చి అక్కడ మలుపు మొదలుపెడితే, ఆ మలుపు పూర్తయ్యేసరికి స్కీలు గేటుకు చాలా కిందికి జారిపోతాయి, తరువాతి గేటుకు ఆలస్యమవుతుంది, దాన్ని అందుకోవడానికి స్కీలను అడ్డంగా తోసి బ్రేకు వేయాలి, నాలుగైదు గేట్లకు ఆలస్యం పోగుపడి దారి తప్పుతుంది. మలుపులో ఎక్కువ భాగం గేటుకు పైనే, ఇంకా అక్కడికి చేరకముందే పూర్తి కావాలి. అంటే ముందు గేటుకు దూరంగా, పైకి, గుండ్రంగా వెళ్లాలి. ఎక్కువ దూరం ప్రయాణించి తక్కువ సమయంలో చేరాలన్న ఈ మాట తొమ్మిదేళ్ల పిల్లకు చెబితే నమ్మదు. అందుకే కోచ్‌లు నీలిరంగు నీళ్లు చల్లి మంచు మీద దారి గీస్తారు, లేదా గేటుకు పైన చిన్న బ్రష్ ఒకటి పాతి దాని చుట్టూ తిరగమంటారు. ఈ పాఠం ఎక్కే వారాల్లో పిల్లల సమయాలు తాత్కాలికంగా పెరుగుతాయి. పట్టిక వెనక్కి పోతుంది, పిల్ల ముందుకు వస్తోంది.

పరికరాల విషయానికి వస్తే, డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టనక్కర్లేదు అన్నదాని మీద కొత్త తల్లిదండ్రుల అంచనా చాలాసార్లు తలకిందులుగా ఉంటుంది. ఖరీదైన స్కీలు కొంటారు, బూట్ల దగ్గరికి వచ్చేసరికి ఎదిగే కాళ్లు కదా అని ఒక సైజు పెద్దవి తీసుకుంటారు. బడి బూట్ల విషయంలో మన ఇళ్లలో తరతరాలుగా నడిచిన పద్ధతి ఇక్కడ పనికిరాదు. పిల్ల కాలు కదిలిన కదలిక బూటు ద్వారానే స్కీకి చేరాలి. బూటులో మడమ ఒక సెంటీమీటరు లేస్తే ఆ కదలిక అక్కడే ఆగిపోతుంది. సరిపోయిందో లేదో చూసే పద్ధతి ఒకటి ఉంది. బూటు లోపలి మెత్తటి తొడుగును బయటికి లాగి, ఖాళీ ప్లాస్టిక్ పెంకులో కాలు పెట్టించి, వేళ్లు ముందు తగిలేదాకా జరపమని, మడమ వెనక ఎంత ఖాళీ ఉందో చేతి వేళ్లతో చూస్తారు. వేలు, వేలున్నర మందం ఉంటే సరే, మూడు వేళ్లు పట్టాయంటే ఆ బూటు ఆమెది కాదు. చలికి భయపడి రెండు జతల ఉన్ని మేజోళ్లు తొడగడం ఇంకో పొరపాటు. బూటు బిగుతై రక్తప్రసరణ తగ్గి కాళ్లు ఇంకా చల్లబడతాయి. పలచటి మేజోడు ఒక్కటే చాలు.

యూ-10 పిల్లలకు స్లాలమ్‌కూ జెయింట్ స్లాలమ్‌కూ వేర్వేరు స్కీలు అక్కర్లేదు. గడ్డానికీ నుదుటికీ మధ్య ఎత్తు వచ్చే ఒక జత రెండింటికీ సరిపోతుంది. శరదృతువులో క్లబ్బులు నిర్వహించే స్కీ స్వాప్‌లలో, అంటే వాడిన సామాను అమ్మకాల్లో, ముందటి పిల్లలు వదిలేసిన మంచి జతలు తక్కువ ధరకు దొరుకుతాయి. ఒంటికి అతుక్కునే రేస్ సూట్ కూడా మొదటి ఏడాది అవసరం లేదు, కొన్నిచోట్ల చిన్న వర్గాలకు దాన్ని అనుమతించరు కూడా. హెల్మెట్ దగ్గర మాత్రం బేరం ఉండకూడదు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య, అంటే ఫిస్, ప్రమాణాన్ని తెలిపే ఆర్‌హెచ్ 2013 స్టిక్కరు ఉన్న, చెవుల దగ్గర కూడా గట్టి పెంకు ఉన్న హెల్మెట్ కొంటే పెద్ద వర్గాలకు వెళ్లినా పనికొస్తుంది. చెవుల మీద మెత్తటి తొడుగు ఉండే రకం స్లాలమ్‌కే పరిమితం. పడినప్పుడు స్కీ కాలి నుంచి విడిపోయేలా చేసే బైండింగ్‌ను బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు లెక్కగట్టి సాంకేతిక నిపుణుడే బిగించాలి. స్కీ ఊడిపోయి రేసు పోయిందన్న కోపంతో ఇంట్లో స్క్రూడ్రైవరు పట్టుకుని దాన్ని బిగించే తండ్రులు పిల్లల మోకాలితో ఆడుకుంటున్నట్టే.

తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా తెచ్చే పని అంచులకు పదును పెట్టడం. స్కీ అడుగున రెండు వైపులా ఉండే సన్నటి ఉక్కు అంచే గట్టి మంచును కోసి పట్టు ఇస్తుంది. గోరును ఆ అంచుకు అడ్డంగా మెల్లగా లాగితే సన్నటి పొట్టు రాలాలి. గోరు నున్నగా జారిపోతే ఆ స్కీ మీద పిల్ల ఎంత బాగా మలుపు తిరిగినా పక్కకు కొట్టుకుపోతుంది. అడుగు వైపు సాధారణంగా ఒక డిగ్రీ, పక్క వైపు రెండు లేదా మూడు డిగ్రీల కోణం పెడతారు. ఆ కోణాన్ని తప్పకుండా పట్టి ఉంచే గైడు, ఒక ఆకురాయి, రాళ్లు తగిలి లేచిన గరుకును తీసేసే డైమండ్ స్టోన్, స్కీని బిగించే రెండు పట్టీలు గ్యారేజీలో ఉంటే వారానికోసారి అరగంట పని. ఇక స్కీ సాఫీగా జారడానికి మైనాన్ని ఇస్త్రీపెట్టెతో కరిగించి అడుగున పూసి, చల్లారాక ప్లాస్టిక్ పలకతో గీకి, బ్రష్‌తో రుద్దాలి. ఒకప్పుడు ఇక్కడ ఫ్లోరిన్ కలిసిన ఖరీదైన పొడులతో పెద్ద పోటీయే నడిచేది. ఆరోగ్యానికీ పర్యావరణానికీ హాని చేస్తున్నందున 2023-24 సీజన్ నుంచి ఫిస్ వాటిని పూర్తిగా నిషేధించింది. చిన్న పిల్లల తల్లిదండ్రులకు దీనివల్ల మేలే జరిగింది, ఎందుకంటే ఆ వయసులో మామూలు మైనమే కావలసినంత.

కొండ చిన్నదన్న బెంగ మధ్య పశ్చిమ రాష్ట్రాల వారికి ఉంటుంది. మిన్నెసోటాలో మినియాపోలిస్ శివారు బర్న్స్‌విల్‌లోని బక్ హిల్ ఎత్తు సుమారు 310 అడుగులు, అంటే 95 మీటర్లకు అటూఇటూ. కొలరాడో కొండల ముందు అది మిట్ట కూడా కాదు. ఎరిక్ సైలర్ అనే కోచ్ దశాబ్దాల పాటు అక్కడే శిక్షణ ఇచ్చారు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ డౌన్‌హిల్ విజేత లిండ్సీ వాన్ చిన్నప్పుడు గేట్లు నేర్చింది ఆ మిట్ట మీదే. చిన్న కొండలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, తాడు పట్టుకుంటే పైకి లాక్కుపోయే రోప్ టోతో ఒక్క సాయంత్రంలో, దీపాల వెలుగులో, లెక్కలేనన్ని సార్లు దిగవచ్చు. పెద్ద కొండ మీద లిఫ్ట్‌లో కూర్చునే సమయమే ఎక్కువ. మొదటి సీజన్ పిల్లకు కావలసింది మలుపుల సంఖ్య, కొండ ఎత్తు కాదు.

ఇదే లెక్క పోటీలకూ వర్తిస్తుంది. రేసు రోజు అంటే పొద్దున ఆరింటికి ప్రయాణం, పరిశీలన, ఎదురుచూపు, రెండు పరుగులు. మొత్తం కలిపి గేట్లలో గడిపేది ఒకటి రెండు నిమిషాలు. అదే రోజు శిక్షణలో గడిపితే పదులకొద్దీ పరుగులు. షిఫ్రిన్ తల్లిదండ్రులు చిన్నతనంలో పోటీల వెంట తిప్పడం కన్నా సాధనకే ప్రాధాన్యం ఇచ్చిన సంగతి ఈ క్రీడలో అందరికీ తెలిసినదే. ఒంటి స్కీ మీద దిగడం, చేతికర్రలు లేకుండా దిగడం, గేట్లు లేని కొండ మీద రకరకాల మలుపులు తిరగడం వంటివి గేట్ల సాధన కన్నా ముఖ్యం, ఎందుకంటే గేట్లలో పిల్ల బుర్ర తరువాతి గేటును అందుకోవడంలోనే ఉంటుంది, కొత్త అలవాటు నేర్చే తీరిక దానికి ఉండదు. కాబట్టి క్లబ్బును ఎంచుకునేటప్పుడు ఏడాదికి ఎన్ని రేసులని కాక, వారంలో ఎన్ని గంటలు గేట్లు లేకుండా స్కీ చేయిస్తారని అడగడం మేలు.

తల్లిదండ్రుల పాత్ర డబ్బు కట్టడంతో ఆగదు. క్లబ్బు రుసుము కొన్ని వందల డాలర్ల నుంచి కొన్ని వేల దాకా ఉంటుంది, దానికి లిఫ్ట్ పాసు, సభ్యత్వం, ఒక్కో రేసుకు ప్రవేశ రుసుము, హోటలు, పెట్రోలు తోడవుతాయి. వీటన్నింటి పైన పని చేయవలసిన బాధ్యత కూడా ఉంటుంది. సమయాలు నమోదు చేయడం, బిబ్‌లు పంచడం, చాళ్లు చదును చేయడం ఎక్కువగా తల్లిదండ్రులే చేస్తారు. స్కీ రానివారికి సాధారణంగా దక్కేది గేటు జడ్జి పని. కొండ పక్కన నిలబడి, మూడు నాలుగు గేట్లను అప్పగిస్తే, ప్రతి పిల్లా వాటిని సరిగ్గా దాటిందో లేదో చూసి, దాటకపోతే ఆ బిబ్ నంబరు రాసి, స్కీలు ఏ వైపు నుంచి పోయాయో చిన్న బొమ్మ గీయాలి. పెన్ను గడ్డకట్టే చలిలో రాయాలి కాబట్టి పెన్సిలే వాడతారు. తొలగింపుల జాబితా అంటించాక కోచ్‌లు అభ్యంతరం చెప్పడానికి పదిహేను నిమిషాల గడువు ఉంటుంది, అప్పుడు ఆ బొమ్మే సాక్ష్యం. సొంత పిల్ల తన ముందు నుంచి దిగుతున్నప్పుడు కేకలు వేయకుండా కార్డు వైపు చూసుకోవడం ఈ ఉద్యోగంలో కష్టమైన భాగం. ఈ పని ఒక రోజు చేసిన వారికి పట్టిక చదవడం దానంతట అదే వస్తుంది, ఎందుకంటే ఒక్కో నంబరు వెనక ఎంతమంది పడ్డారో, ఎంతమంది తిరిగి ఎక్కారో కళ్లారా చూసి ఉంటారు.

ఇన్ని చెప్పాక కూడా ఆ అంకెల్లో పనికొచ్చేది కొంత ఉంది. సెకన్లలో తేడా చూడకుండా శాతంలో చూడాలి. ఒక పోటీలో విజేత మొత్తం సమయం 62.40 సెకన్లు, మన పిల్లది 78.00 అనుకుందాం. తేడా 15.60 సెకన్లు, అంటే 25 శాతం. నెల తరువాత ఇంకో పొడుగాటి కోర్స్‌లో విజేత 84.00, మన పిల్ల 100.80. తేడా 16.80 సెకన్లకు పెరిగింది కాబట్టి వెనకబడిందని అనిపిస్తుంది, శాతం మాత్రం 20కి తగ్గింది. 1968లో మొదలై ఎవరైనా పాల్గొనడానికి వీలుగా అమెరికా అంతటా నడిచే నాస్టార్ పోటీలు ఈ శాతపు లెక్క మీదే ఆధారపడతాయి. వేర్వేరు కొండల మీద దిగినవారిని పోల్చడానికి, ఒక ప్రామాణిక రేసరు సమయంతో ఎంత శాతం తేడా ఉందో చూసి పతకాలు ఇస్తారు. రేస్ టీమ్‌లో చేరాలో లేదో తేల్చుకోలేని పిల్లలు ముందు అక్కడ ఒకటి రెండుసార్లు దిగి చూడటం మంచిది. మన లెక్కలో ఒక జాగ్రత్త ఉంది. విజేత ప్రతిసారీ ఒకే పిల్ల కాకపోవచ్చు. అందుకని అన్ని పోటీలకూ వచ్చే ముగ్గురు నలుగురు తోటి పిల్లలను గుర్తుపెట్టుకుని, వారితో ఉన్న తేడా ఎటు పోతోందో చూస్తే లెక్క నిలకడగా ఉంటుంది. ఆ పిల్లల పుట్టిన సంవత్సరం మన పిల్లదే అయితే ఇంకా మంచిది.

యూ-10, యూ-12 ఫలితాలు ఎక్కడికీ వెంట రావు. అంతర్జాతీయ ర్యాంకులకు లెక్కించే ఫిస్ పాయింట్లు మొదలయ్యేది పదహారో ఏటనే. ఆలోగా పదమూడు, పద్నాలుగేళ్ల ఎదుగుదల పాత వరసలన్నింటినీ కలిపేసి కొత్తగా పేరుస్తుంది. ముందే ఎదిగి గెలుస్తూ వచ్చినవారు ఆగిపోవచ్చు, ఆలస్యంగా ఎదిగినవారు దాటిపోవచ్చు, ఆటే మానేసేవారూ ఉంటారు. అందువల్ల సీజన్ చివర కోచ్‌తో మాట్లాడేటప్పుడు స్థానాల ప్రస్తావన పక్కన పెట్టి, మలుపు గేటుకు పైన మొదలవుతోందా, రెండు పరుగులకూ మధ్య తేడా తగ్గిందా, చెప్పింది ఆ రోజే ప్రయత్నిస్తోందా, వచ్చే ఏడాది వర్గం మారితే నిలువెత్తు గేట్లకు సిద్ధమేనా అని అడగాలి. ఈ మాటలు మార్చిలోనే, చివరి రేసు అయిన వారంలోనే మాట్లాడుకోవాలి. ఏప్రిల్ వచ్చిందంటే కోచ్‌లు చెల్లాచెదురవుతారు, శరదృతువులో స్వాప్ నాటికి పిల్ల కాలు ఎలాగూ పెరిగి ఉంటుంది కాబట్టి బూటు పెంకులో మళ్లీ వేళ్లు పెట్టి చూసుకోవలసిందే.